ఒకే ఇంజిను, రెండు నంబర్లు

మా ఆయన సొంత లారీ కొనేటప్పుడు షోరూముకు నన్ను కూడా తీసుకువెళ్ళాడు. చాలా ఏళ్ళు ఇతరుల బండ్లు తోలిన మనిషి. వేలూరు బైపాసు పక్కన ఎండలో వరసగా నిలబెట్టిన కొత్త లారీల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతుంటే, కొత్త బడిలో చేరిన పిల్లవాడిలా కనిపించాడు. మాకు చూపించిన రెండు బండ్లు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ పన్నెండు చక్రాలవే. రంగు ఒకటే, ఎత్తు ఒకటే. తలుపు మీద అంటించిన అంకె మాత్రం వేరు. ఒకదాని మీద రెండు వందలు, రెండోదాని మీద రెండు వందల యాభై. అది హార్స్‌పవర్ అని మా ఆయన చెప్పాడు.

“అట్లయితే ఇంజిన్లు వేరే వేరేనా?” అని అడిగాను.

అమ్మే అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. “లేదమ్మా, ఇంజిన్ ఒకటే. అవే ఆరు సిలిండర్లు, అదే సైజు. సెట్టింగే వేరే.”

మేము రెండు వందలది తీసుకున్నాం. మాకు అందింది అది. ఆ అబ్బాయి అన్న మాట మా ఆయన మనసులో ఒక మూల కూర్చుండిపోయిందని మాత్రం నాకు అప్పుడు తెలియలేదు.

నాది పలమనేరు. పదో తరగతి దాకా తెలుగులో చదివాను. మా ఆయన మా అమ్మకు వరసకు తమ్ముడవుతాడు. అందుకే పెళ్ళికి ముందూ, తర్వాతా కూడా నాకు ఆయన మామే. గుడియాత్తంలో నేతపని చేసే ఇల్లు వాళ్ళది. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే గానీ, చదివేదీ రాసేదీ తమిళం. చిన్నప్పుడు వాళ్ళ నాయన పక్కన మగ్గం గుంతలో కూర్చుని గళ్ళ లుంగీలు నేశాడట. మీసాలు మొలిచే వయసుకు మగ్గం వదిలి లారీ ఎక్కాడు. “గుంతలో కూర్చోనుంటే లోకం యాడ కనపడతాది మే” అనేవాడు.

కూతురు చదువు కోసం హాస్టలుకు వెళ్ళాక ఇంట్లో పగలంతా నేనొక్కదాన్నే ఉండేదాన్ని. బండికి క్లీనర్లు నిలవడం లేదు. ఒకరోజు ఆయనే, “ఇంట్లో సుమ్మా ఊరికే కూర్చోని ఏం చేస్తావు, బండెక్కు” అన్నాడు. ఎక్కాను. మా వీధి ఆడవాళ్ళు కొన్నాళ్ళు నవ్వుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు.

జోలార్పేట గూడ్సు షెడ్డులో సిమెంటు ఎక్కించుకుని, ఆంబూరు, పేర్ణంబట్టు మీదుగా కనుమ ఎక్కి వి.కోటకు వెళ్ళేవాళ్ళం. అక్కడ దించేసి టమాటా ఎక్కించుకుని మద్రాసు మార్కెట్టుకు దిగేవాళ్ళం. కనుమ ఎక్కేటప్పుడు ఆయన మాట్లాడేవాడు కాదు. ఇంజిను శబ్దాన్ని వింటూ, అది గొంతు మార్చిన క్షణాన గేరు మార్చేవాడు. చూసి చూసి నాకు కూడా ఆ శబ్దం కొంచెం పట్టుబడింది.

“రెండు వందలకీ రెండు వందల యాభైకీ తేడా ఏంది మామా?” అని ఒకసారి అడిగాను.

“ఎక్కేది రెండూ ఎక్కతాయి మే. మోసేది కూడా అంతే బరువు. అది బిరబిరా ఎక్కతాది, మనది నిదానంగా ఎక్కతాది. అది నాలుగో గేరులో పోయే తావ మనం మూడు వేసుకోవాల. అంతే.”

మొదట్లో ఆ “అంతే” అన్న మాటను ఆయన తేలిగ్గానే అనేవాడు. కానీ కనుమలో రెండు వందల యాభై బండ్లు మమ్మల్ని దాటిపోవడం మొదలైంది. అదే కంపెనీ, అదే ముఖం, అదే సిమెంటు బరువు. మలుపు దగ్గర హారను కొట్టి పక్కకు వచ్చి, మేము చూస్తుండగానే పైకి వెళ్ళిపోయేవి. వాటి పొగ మా కిటికీలోకి వచ్చేది. మేము వి.కోట చేరేసరికి వాళ్ళు టమాటా ఎక్కించుకుని తాళ్ళు కడుతుండేవాళ్ళు.

టమాటా ఆగే సరుకు కాదు. మార్కెట్టులో ముందు దిగిన దానికి ఒక రేటు, ఎండ ఎక్కాక దిగిన దానికి ఇంకో రేటు. అందుకని వి.కోట మండీలో వ్యాపారులు వేగంగా వెళ్ళే బండ్లకే ముందు లోడు ఇచ్చేవాళ్ళు. ఒకనాడు పొద్దున మండీ పెద్దమనిషి అందరి ముందూ మా ఆయనతో, “నీ బండి నిదానమప్పా. నువ్వు రేపు రా” అన్నాడు. అందులో తిట్టేమీ లేదు, ఉన్నమాటే. కానీ ఆ రోజు ఖాళీ బండితోనే కనుమ దిగాం. పేర్ణంబట్టులో టీ తాగడానికి ఆపినప్పుడు గ్లాసు చేతిలో పట్టుకుని, “ఇంజిన్ ఒకటే గదా మే” అన్నాడు. నాతో కాదు, తనతో తానే అనుకున్నట్టు.

ఆ తర్వాత కొద్ది రోజులకే జోలార్పేటలో లాప్‌టాప్ అబ్బాయి కనిపించాడు. రైలు వ్యాగన్ల కోసం లారీలన్నీ షెడ్డు బయట వరసలో నిలబడి ఉన్నాయి. ఆ అబ్బాయి మోటారుసైకిలు మీద వచ్చి ఒక్కో బండి దగ్గర ఆగి మాట్లాడుతున్నాడు. మా బండి తలుపు మీద అంకె చూసి నవ్వాడు.

“అన్నా, నీ ఇంజినూ ఆ పక్క బండి ఇంజినూ ఒకటే. కంపెనీవాళ్ళు కంప్యూటర్లో కట్టేసి పెట్టినారు. ఆ కట్టు విప్పేదే నా పని.”

“కట్టు విప్పితే ఏమవతాది?” అన్నాడు మా ఆయన.

“డీజిలు కొంచెం ఎక్కువ పోతాది, గాలి ఎక్కువ లోపలికి నెట్టతాది. రెండు వందలు రెండు వందల యాభై అవతాది. ఇంగేం లేదు.”

నాకు ఎందుకో మనసొప్పలేదు. “ఊరికే కట్టేసింటారా మామా? ఏదో ఒకటి ఉండబట్టే కదా” అన్నాను.

“ఎక్కువ రేటుకు అమ్ముకునేదానికి మే. షోరూములో ఆ పిల్లోడు చెప్పింది నువ్వూ వింటివి గదా.”

నిజమే, విన్నాను.

స్టీరింగు కింద ఒక వైరు తగిలించి, ఆ అబ్బాయి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద ఒక నీలం గీత మెల్లగా పెరుగుతూ పోయింది. ఎక్కడా స్పానరు పట్టలేదు, ఒక నట్టు విప్పలేదు. మేము తెచ్చుకున్న పులిహోర తిని చేతులు కడుక్కునేలోగా పని అయిపోయింది.

మర్నాడు సిమెంటుతో కనుమ ఎక్కాం. ఎప్పుడూ గొంతు మారే మలుపు దగ్గర ఇంజిను గొంతు మారలేదు. ఆయన చెయ్యి గేరు మీదికి వెళ్ళి, అవసరం లేక వెనక్కి వచ్చింది. ముందు వెళ్తున్న ఒక బండిని దాటాం. “చూసినావా మే! చూసినావా!” అని ఆయన స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన అంత పెద్దగా నవ్వగా నేను వినలేదు. నాకూ సంతోషమే వేసింది. మండీలో మళ్ళీ మొదటి వరసలో నిలబడ్డాం.

కొన్ని వారాలు అలాగే గడిచాయి. తర్వాత చిన్న చిన్న తేడాలు కనిపించసాగాయి. వేడి చూపించే ముల్లు ఎప్పుడూ సగం దగ్గర నిలిచేది, ఇప్పుడు సగం దాటి నిలబడుతోంది. కనుమ పైకి చేరాక క్లచ్ దగ్గర్నుంచి కాలిన వాసన వచ్చేది. ముల్లు వైపు చూపించి, “అది యాల పైకి పోతా ఉండాది?” అని అడిగాను.

“పరిగెత్తేవోడికి చెమట పట్టదా మే” అన్నాడు. అన్నాడే గాని, ఆ తర్వాత రోడ్డు కంటే ముల్లునే ఎక్కువసార్లు చూడడం నేను గమనించాను. ఒకసారి రేడియేటరు శుభ్రం చేయించాడు, ఇంకోసారి ఆయిలు మార్పించాడు. రాత్రిళ్ళు నిద్రలో కుడికాలు కదిలించేవాడు.

అది జరిగింది ఒక ఉదయం పూట, ఎండ ఇంకా చురుక్కుమనక ముందు. నిండా సిమెంటుతో కనుమ సగం పైగా ఎక్కాం. లోపల ఎవరో సుత్తితో బాదినట్టు దబదబా దెబ్బలు వినిపించాయి. ఆయన కాలు తీసేలోపే పెద్ద శబ్దంతో ఇంజిను ఆగిపోయింది. బండి వంపులో నిలబడిపోయింది. ఆయన బ్రేకు లాగి, “రాళ్ళు పెట్టు మే, రాళ్ళు!” అని అరిచాడు. నేను దూకి వెనక చక్రాల కింద రాళ్ళు పెట్టాను. వచ్చి చూస్తే ఆయన బండి కింద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఇంజిను పక్క గోడకు పిడికిలి పట్టేంత రంధ్రం పడింది. అందులోంచి నల్లటి ఆయిలు ధారగా కారుతోంది.

“రాడ్డు బైటికి వచ్చేసినాది” అన్నాడు.

పిస్టనును పట్టి ఉంచే ఇనుప కడ్డీ విరిగి ఇంజినును చీల్చుకుని బయటికి వచ్చిందని తర్వాత తెలిసింది. అప్పటికి మాకు కనిపించింది ఆయిలు ఒక్కటే. అది వేడిగా, పలచగా, వంపు వాలు పట్టుకుని రోడ్డుకు అడ్డంగా అవతలి వైపు దాకా పాకిపోతోంది. ఆయన గోనెసంచి లాగి, గట్టు పక్కన మన్ను తవ్వి దాని మీద పోయడం మొదలుపెట్టాడు. నన్ను పైకి పరిగెత్తి కొమ్మలు అడ్డం వెయ్యమన్నాడు. వేశాను. రెండు కార్లను చెయ్యెత్తి ఆపాను, వాళ్ళు చూసుకుని అంచు మీదుగా వెళ్ళిపోయారు.

అప్పుడు పైనుంచి ఒక టూవీలరు వచ్చింది. తోలుతున్నది పెద్దాయన, మా ఆయన కంటే కొన్నేళ్ళు పెద్ద ఉంటాడు. “నిదానం! ఆయిలు! ఆయిలు!” అని అరిచాను. ఆయన నిదానించాడు కూడా. కొమ్మలను చుట్టి, మన్ను పోస్తున్న మా ఆయన వైపు చూస్తూ దిగాడు. మన్ను పడని చోట, కంటికి కనిపించని పలచటి జిడ్డు మీద ముందు చక్రం జారింది. బండి కాలి మీద పడింది. ఎముక విరిగిన శబ్దం నాకు అంత దూరానికి వినిపించింది.

మా ఆయన సంచి పారేసి పరిగెత్తాడు. పెద్దాయన కిందపడి తెలుగులోనే “నా కాలు… నా కాలు నాయనా” అంటున్నాడు. వెనకాలే వచ్చిన కారును ఆపి, అందులో ఎక్కించి పేర్ణంబట్టుకు, అక్కణ్ణించి వేలూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. దారిలో తెలిసింది, ఆయనదీ గుడియాత్తమే. మా వీధికి రెండు వీధుల అవతల. వి.కోటలో చుట్టాలింటికి వెళ్ళి తిరిగి వస్తున్నాడు. చేసే పని నేత. గుంత మగ్గం.

తొడ ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు. డాక్టరు ఆ మాట అన్నప్పుడు మా ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు.

మూడో రోజో నాలుగో రోజో ఆయనకు మాట్లాడే ఓపిక వచ్చింది. మా ఆయన మంచం పక్కన నిలబడి ఏదో చెప్పబోయాడు. పెద్దాయనే చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్వేం చేస్తావు నాయనా. బండి చెడిపోయేది ఎవరి చేతిలో ఉండాది? నువ్వు మన్ను పోస్తా ఉండింది నేను చూస్తిని. వేరేవోడు అయింటే బండి వదిలేసి పరిగెత్తుండు.”

ఆయన భార్య పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె కూడా తలూపింది. నాకైతే గుండె మీద బరువు దిగినట్టయింది. మా ఆయన ముఖం చూశాక ఆ బరువు ఎక్కడికి వెళ్ళిందో అర్థమైంది.

బండిని లాగించి వేలూరులో ఒక పట్టరైకి, అంటే రిపేరు షెడ్డుకు చేర్చాం. ఆ మేస్త్రీ పెద్ద ఇంజిన్లు విప్పడంలో పేరున్నవాడు. నోటి దురుసు కూడా ఉన్నవాడు. ఇంజిను విప్పిన రోజున మమ్మల్ని పిలిచి, పగిలిన పిస్టను ముక్కలు ఒక గుడ్డ మీద పరిచి పెట్టాడు. వాటి అంచులు కొవ్వొత్తి కరిగినట్టు కరిగి ఉన్నాయి.

“కంప్యూటర్లో ఏమన్నా చేయించినావా అన్నా?” అని సూటిగా అడిగాడు.

మా ఆయన ఔనన్నాడు.

మేస్త్రీ మూలనున్న ఇనుప కుప్పలోంచి ఇంకో పిస్టను తీసుకొచ్చి పక్కన పెట్టాడు. పైనుంచి చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఆయన వాటిని తిప్పి అడుగు భాగం చూపించాడు. రెండోదాని అడుగున ఒక రంధ్రం ఉంది.

“ఇది రెండు వందల యాభైది. కింద నుంచి ఒక ముక్కు ఆయిలు చిమ్మతా ఉంటాది. అది ఈ రంధ్రంలో దూరి, పిస్టను తల లోపలంతా తిరిగి, వేడిని దించుకోని బైటికి వస్తాది. నీ దాంట్లో ఆ దారే లేదు. అవసరం లేదని పెట్టలేదు వాళ్ళు.” తర్వాత గాలి నెట్టే టర్బో చూపించాడు. అవతలిదానిది పెద్దదట. డీజిలు చల్లే ఇంజెక్టరు ముక్కు వేరట. రేడియేటరు మందమట, క్లచ్ ప్లేటు వెడల్పట. “పైన ఇనుము ఒకటే. లోపల ఎంత నిప్పు వేస్తామో, ఆ నిప్పును యాడికి పంపించాలో, అదంతా వేరే. నువ్వు నిప్పు ఎక్కువ వేసినావు. పోయే దారి వెయ్యలేదు.”

“ఇంజిన్ ఒకటేనని చెప్పినారే” అన్నాను నేను.

“అబద్ధం కాదమ్మా. కొన్ని ఇంజిన్లల్లో నిజంగానే కంప్యూటర్లో అంకె ఒకటే తేడా. ఇంగేం మారదు. వాటికి కట్టు విప్పినా ఏమీ కాకుండా తిరిగే బండ్లు నేనే చూసినాను. ఇది ఆ రకం కాదు. యాది యా రకమో ఆ లాప్‌టాప్ పిల్లోడికి తెలీదు, మీకూ తెలీదు.”

మా ఆయన చాలాసేపు ఆ రెండు పిస్టన్లనూ చేతిలో తిప్పుతూ ఉన్నాడు. చివరికి, “అయితే దానివల్లనే పగిలిందా?” అని అడిగాడు.

మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు. “కండిప్పా, గట్టిగా అదేనని యాడ చెప్పేది? ఒక ఇంజెక్టరు చెడిపోయినా పిస్టను ఇట్లనే కరగతాది. చేయించకపోయింటే పగిలుండునా, పగిలుండదా అంటే నాకు తెలీదు. ఎవరికీ తెలీదు.”

ఆ జవాబు ఔననో కాదనో ఉంటే బాగుండేదని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆయన కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. “ఎవరికీ తెలీదంట” అని మాత్రం ఒకసారి అన్నాడు.

పెద్దాయనను ఇంటికి తెచ్చాక చూడటానికి వెళ్ళాం. ఒకే గది, ఒక పక్కన మగ్గం, ఇంకో పక్కన మంచం. మగ్గం మీద సగం నేసిన లుంగీ అలాగే ఆగిపోయి ఉంది. గుంత మగ్గం నడవాలంటే రెండు కాళ్ళూ కావాలి. పడుగు పైకీ కిందికీ కదలడానికి అడుగున చెక్కలు మార్చి మార్చి తొక్కాలి. ఆయన భార్య కండెలు చుడుతుంది గానీ ఎప్పుడూ గుంతలో దిగలేదు. “నూలు ఇచ్చినాయన అడగతా ఉండాడు. పడుగు ఎన్ని దినాలని మగ్గం మీద పెట్టుకోనుండేది” అంది ఆమె, ఎవరినీ నిందించకుండా.

మా ఆయన చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. “నేను నేస్తా వదినా” అన్నాడు.

నేను నమ్మలేకపోయాను. గుంతను అసహ్యించుకుని పారిపోయిన మనిషి అందులోకి దిగి కూర్చున్నాడు. మొదటి రోజు నూలు పోగులు తెగుతూనే ఉన్నాయి. అడ్డపోగు మోసే నాడె ఒకసారి ఎగిరి నా పక్కన పడింది. గుడ్డ అంచు వంకరగా వచ్చింది. మంచం మీద పెద్దాయన కళ్ళు మూసుకుని శబ్దాన్ని బట్టే తప్పు చెప్పేవాడు. “అంత బలంగా కొట్టొద్దు నాయనా, గుడ్డ బిర్రుగా అయిపోతాది… ఇప్పుడు బాగుండాది… ఎడమకాలు తొందర పడతా ఉండాది చూడు.” వారం తిరిగేసరికి మా ఆయన చేతికి పాత పని తిరిగి వచ్చింది. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం దాకా నేసి వచ్చేవాడు. నేను కూడా వెళ్ళి ఆమెతో కండెలు చుట్టేదాన్ని.

వీధిలోవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళేవాళ్ళు. “ఇట్లాంటి మనిషి ఈ కాలంలో యాడ దొరకతాడు” అనేవాళ్ళు. పెద్దాయన అందరికీ అదే చెప్పేవాడు. దండం పెట్టుకునేటప్పుడు మా ఆయన పేరు కూడా తలుస్తున్నానని ఆయన భార్య నాతో అంది. ఇలాంటి మాట విన్న ప్రతి రోజూ మా ఆయన ఇంట్లో అన్నం ముందు కూర్చుని సగం వదిలేసి లేచేవాడు.

“చెప్పేస్తా మే” అన్నాడు ఒకరోజు.

“చెప్పి ఏం లాభం? ఆయన కాలు అతుక్కుంటుందా? మేస్త్రీయే గట్టిగా చెప్పలేదు గదా దానివల్లని” అన్నాను.

“కాదని కూడా చెప్పలేదు.”

“నువ్వు పని చేసి పెడుతున్నావు. అది చాలదా మామా?”

“అదే మే నాకు కష్టంగా ఉండేది” అన్నాడు. దాని మీద మేమిద్దరం రెండు రోజులు సరిగా మాట్లాడుకోలేదు. నా భయం నాది. మంచిగా నడుస్తున్నదాన్ని చేజేతులా చెడగొట్టుకోవడం ఎందుకని.

ఒక మధ్యాహ్నం ఆయన నేస్తూ నేస్తూ ఆగిపోయాడు. గుంతలోంచి పైకి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. నేనూ ఆమే రాట్నం ఆపేశాం.

“అన్నా, ఆ ఇంజిను దానంతట అది చెడిపోయిందని నువ్వు అనుకుంటా ఉండావు గదా. అట్ల కాకపోవచ్చు.” తర్వాత అంతా చెప్పాడు. రెండు అంకెల సంగతి, మండీలో వెనకబడిన సంగతి, లాప్‌టాప్, వేడి ముల్లు, పిస్టను అడుగున రంధ్రం. ఏదీ తగ్గించలేదు, ఏడవలేదు కూడా. మేస్త్రీ తెలియదన్న మాట కూడా చెప్పాడు. అది తనను కాపాడుకోవడానికి అన్నట్టు ఉంటుందేమోనని భయపడుతూ, చివర్లో మెల్లగా చెప్పాడు.

పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. “అట్లంటే బండి మొయ్యగలిగిన దానికన్నా ఎక్కువ బరువు పెట్టినావా?” అని అడిగాడు.

“బరువు అదేనన్నా. ఎక్కే వేగం పెంచినాను. అది తట్టుకునే మాదిరి దాన్ని చెయ్యలేదు.”

“ముల్లు పైకి పోయేది నీకు తెలుసా?”

“తెలుసు.”

పెద్దాయన పైకప్పు వైపు చూపు తిప్పాడు. ఆయన గొంతు మారలేదు గానీ మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. “ఆసుపత్రిలోనే చెప్పింటే నేను నిన్ను తిట్టుందును. తిట్టి ఊరుకోనుందును. ఇన్ని దినాలు నిన్ను దేవుడి మాదిరి చూసినాను. వచ్చినోళ్ళందరికీ చెప్పినాను. ఇప్పుడు నేనేం చేసేది?”

పెద్దాయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆయన భార్య లేచి, కొయ్యకున్న చొక్కా తీసి మా ఆయనకు ఇచ్చింది.

“రేపు రావద్దు నాయనా” అంది.

ఇంటికి నడిచి వస్తుంటే నాకు కోపమే వచ్చింది, ఆయన మీద. ఇంటికి చేరాక ఆయన కుండలో నీళ్ళు ముంచుకుని రెండు చెంబులు తాగి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏమైనా తేలికపడ్డావా అని అడుగుదామనుకున్నాను. చూస్తే అలా కనిపించలేదు. అడగలేదు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం పెద్దాయన భార్య మా గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. “పడుగు అట్లనే ఉండాది. వేరే వాళ్ళు చెయ్యి పెడితే గుడ్డ రెండు రకాలుగా వస్తాదంట. చెయ్యి పెట్టినోడే ముగించిపోవాలన్నాడు మా ఇంటాయన. మాట్లాడేదేం వద్దంట” అంది.

ఆయన వెళ్ళాడు. ఆ పడుగు అయ్యేదాకా రోజూ వెళ్ళాడు. ఒకరోజు నేనూ వెంట వెళ్ళి చూశాను. గదిలో మగ్గం శబ్దం తప్ప ఏమీ లేదు. పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు గానీ నిద్రపోవడం లేదు. మా ఆయన చేయి తప్పినప్పుడు ఆయన వేళ్ళు దుప్పటి మీద ఒకసారి కదిలేవి. నోరు తెరిచేవాడు కాదు. చివరి రోజున గుడ్డ కోసి ఇస్తే, దాన్ని ఒళ్ళో పరుచుకుని పొడుగునా చెయ్యి వేసి తడిమాడు. ఒకచోట వేలు ఆగింది. మడత పెట్టి భార్య చేతికి ఇచ్చాడు.

ఇంజినును మళ్ళీ రెండు వందల లెక్కకే కట్టించాం. మేస్త్రీ కంప్యూటర్లో పాత సెట్టింగే పెట్టించాడు. టమాటా పని వదిలేశాం. ఇప్పుడు సిమెంటూ ఎరువులూ అణైకట్, ఒడుగత్తూరు వైపు చదును రోడ్ల మీద తోలుతున్నాడు. రాబడి తగ్గింది, నడుస్తోంది. ఎత్తు వచ్చిన చోట అవసరం ఉన్నా లేకపోయినా గేరు దించేస్తాడు. వెనక బండ్లు హారను కొడతాయి. దారి ఇస్తాడు. నేను ఇప్పుడు ప్రతి ట్రిప్పుకూ వెళ్ళడం లేదు. ఇంజిను శబ్దం వింటూ కూర్చోవడం నా వల్ల కావడం లేదు. ఏ చిన్న చప్పుడైనా నా చెయ్యి తలుపు పట్టుకుంటుంది.

పెద్దాయన కాలు అతుక్కుంది గానీ కొంచెం పొట్టిగా అతుక్కుంది. పూటలో కొంతసేపే మగ్గం తొక్కగలడు. మిగిలిన సేపు ఆయన భార్య గుంతలో దిగుతోంది. ఆ వయసులో కొత్తగా నేర్చుకుంది. నేను నూలు దుకాణం దగ్గర ఆమెను అప్పుడప్పుడూ చూస్తుంటాను. ఆమె నాతో మాట్లాడుతుంది. మగవాళ్ళిద్దరూ వీధిలో ఎదురుపడితే తల వంచుకుని పక్కపక్కనుంచి వెళ్ళిపోతారు.

పోయిన నెల ఆమె సంచిలో నూలు సర్దుకుంటూ, “బండి తోలతా ఉండాడా అని అడిగినాడు మా ఇంటాయన” అంది.

“తోలతా ఉండాడని చెప్పు” అన్నాను.

ఆ సాయంత్రం మా ఆయనకు ఆ మాట చెప్పాను. ఆయన చేతిలో పని ఆపేశాడు. “ఏమని అడిగినాడంట? సరిగా చెప్పు మే. ‘ఆయన’ అన్నాడా, ‘వాడు’ అన్నాడా?”

“ఆయన అనే అన్నాడంట” అన్నాను.

తలూపి, బకెట్టు తీసుకుని అద్దం కడగడానికి బండి దగ్గరికి వెళ్ళాడు. నూలు దుకాణం దగ్గర ఆమె చెప్పినదాంట్లో ఆ రెండు మాటల్లో ఏదీ లేదు.